మంట రంగు

నవంబరు చివరి వారంలో మా ఇంటి బాయిలర్ అంటుకున్నప్పుడల్లా దబ్‌మని చప్పుడు చేయడం మొదలుపెట్టింది. అంతకుముందు చిన్నగా టిక్కుమని, ఆ వెంటనే సన్నగా గాలి వీచినట్టు వినిపించేది. ఇప్పుడు గోడ అవతల ఎవరో నిండు బస్తా పడేసినట్టుంది. నేను వంటింట్లో కిమ్చి పచ్చడికి ముల్లంగి తరుగుతున్నాను. కత్తి పక్కన పెట్టి మా మామగారి గదివైపు చూశాను. ఆయన బయటికొచ్చి, నడుముకు వేలాడే తాళంచెవితో బాయిలర్ గది తెరిచి లోపలికి వెళ్లారు. పావుగంటకు తిరిగొచ్చి మళ్లీ తాళం వేశారు.

ఏమైందని అడిగాను. పైపుల్లో గాలి చేరిందట, తీసేశారట. ఆ మాట కూడా నాతో అనలేదు. నేలమీద బోర్లా పడుకుని బొమ్మలు వేసుకుంటున్న మా అమ్మాయి నారేతో అన్నారు. "బాయిలర్ సంగతి నాకొదిలేసి కూర సంగతి చూసుకోమను మీ అమ్మని."

మా మామగారి పేరు ప్యో జుంగ్‌సొప్. మా ఊరు జెచొన్‌లో స్టేషను వెనక ఉన్న పెద్ద స్నానశాలలో ముప్ఫై ఒక్క ఏళ్లు బాయిలర్ మేస్త్రీగా చేశారు. రోజుకు నాలుగైదు వందలమంది ఆయన కాచిన నీళ్లతోనే ఒళ్లు రుద్దుకునేవారు. ఆ స్నానశాల పడగొట్టి కార్లు నిలుపుకునే స్థలం చేశాక, ఆయన చేతికింద మిగిలింది మా వంటింటి వెనక గోడకు ఆనుకుని ఉన్న ఈ చిన్న గ్యాస్ బాయిలరే. అందులో కాగిన నీళ్లు నేల కింద పైపుల్లో తిరిగి ఇల్లంతా వెచ్చబెడతాయి. దాన్ని ఇంకొకరు ముట్టుకోవడానికి లేదు. ఏటా కంపెనీవాళ్లు తనిఖీకి వస్తే గుమ్మంలోంచే పంపేసేవారు.

నేనంటే ఆయనకు మొదటినుంచీ గిట్టదు. కారణం ఇదీ అని ఎవరూ చెప్పలేదు. నేను తలుపు వేసే తీరు, అన్నం వడ్డించే తీరు, అన్నీ తప్పే. నేనూ తక్కువ తినలేదు. ఆయన దగ్గితే వినపడనట్టు ఉండేదాన్ని. నా భర్త తేగ్యు సిమెంటు లారీ నడుపుతాడు. శనివారం సాయంత్రం వచ్చి సోమవారం తెల్లవారకముందే వెళ్లిపోతాడు. మిగతా రోజులు ఆ ఇంట్లో మేం ముగ్గురమే.

డిసెంబరు వచ్చేసరికి నేల సగం కాలిపోతూ సగం చల్లగా ఉండేది. కిటికీ అద్దాలకు చెమట పట్టి, నీళ్లు ధారగా కారి, గోడకు అంటించిన కాగితం ఉబ్బిపోయింది. ఒకరోజు బట్టలు ఆరేయడానికి ఇంటి వెనక్కు వెళ్లి చూస్తే, పొగగొట్టం బయటికొచ్చే చోట గోడమీద అరచేయంత నల్లటి మచ్చ ఉంది. ముందు ఏడాది అది లేదు. ఆ సంగతి చెబితే ఆయన వెండిరంగు టేపు చుట్ట తీసుకుని లోపలికి వెళ్లారు. పైపు అతుకు దగ్గర నాలుగు చుట్లు చుట్టానని నారేతో చెప్పించారు.

ఎవరినైనా పిలిచి చూపిద్దాం మామయ్యా అన్నాను. ఈసారి ఆయన నావైపే తిరిగారు.

"ఊరందరి బాయిలర్లూ నా దగ్గరికొచ్చి నేర్చుకున్నవాళ్లే బాగుచేస్తున్నారు. నేను ఎవర్ని పిలవాలి? గరిటె పట్టుకునే చేత్తో నువ్వు నాకు చెబుతావా?"

అప్పటికే నాకు తలనొప్పి మొదలైంది. కణతల దగ్గర మొదలై, మధ్యాహ్నానికి వాంతి వచ్చేటట్టు ఉండేది. అది సెలవు రోజుల్లోనే ఎక్కువని తెలుసుకోవడానికి నాకు మూడు వారాలు పట్టింది. నేను మూలికల ఫ్యాక్టరీ క్యాంటీన్‌లో వంట చేస్తాను. పొద్దున్నే బరువెక్కిన తలతో బయల్దేరితే, క్యాంటీన్‌లో రెండో గంటకల్లా తేలికపడేది. నారేదీ అదే వరస. బడికి పోయే రోజు బాగుండేది, ఆదివారం అన్నం ముట్టేది కాదు. డిసెంబరు ఆఖరులో బడికి చలి సెలవులిచ్చాక, పిల్ల పగలంతా మగతగా పడుకోవడం మొదలుపెట్టింది. పిలిస్తే ఆలస్యంగా కళ్లు తెరిచేది.

నా చేతి వంటే కారణమని మా మామగారు తేల్చేశారు. ఫ్యాక్టరీలో మిగిలింది తెచ్చి పిల్లకు పెడుతున్నానని పక్కింటావిడతో కూడా అన్నారట.

క్యాంటీన్‌లో వేడినీళ్ల బాయిలర్ చూడటానికి రెండు నెలలకొకసారి తక్ అనే మనిషి వచ్చేవాడు. యాభై దాటినవాడు, మాట తక్కువ. జనవరి మొదటి వారంలో వచ్చినప్పుడు టీ ఇచ్చి, మా ఇంటి సంగతి చెప్పాను. అతను టీ తాగడం ఆపేశాడు. చప్పుడు ఎలా ఉంటుందని అడిగాడు. కిటికీలకు చెమట పడుతోందా, గోడమీద మసి ఉందా అని అడిగాడు. తలనొప్పి ఇంట్లోనే వస్తోందా, బయటికొస్తే పోతోందా అని అడిగాడు. అన్నిటికీ అవునన్నాను.

"పిల్ల పడుకునేది ఎక్కడ?"

"బాయిలర్ గది గోడ పక్కన గదిలో."

"నన్ను అడిగి టైము పోగొట్టుకోకమ్మా. ఇవాళే మనిషిని పిలిపించు. విషవాయువుకు వాసనుండదు."

మీరే రండి అన్నాను. ఇల్లెక్కడో చెప్పి, మామగారి పేరు చెప్పాను. ఆ పేరు వినగానే అతను కప్పు పక్కన పెట్టేశాడు. స్నానశాలలో ఆరేళ్లు ఆయన చేతికిందే పనిచేశాడట. పని అంతా ఆయన దగ్గరే నేర్చుకున్నాడట. ఒకరోజు వాల్వ్ ఒక్క చుట్టు ఎక్కువ తిప్పినందుకు, స్నానానికొచ్చినవాళ్లందరి ముందు చెంపమీద కొట్టి వెళ్లగొట్టారట.

"ఆయన నన్ను గుమ్మం తొక్కనివ్వరు," అన్నాడు.

ఆ సాయంత్రం తేగ్యుకు ఫోన్ చేశాను. నాన్నతో ఇప్పుడు పెట్టుకోకు, కొత్త ఏడాది సొల్లాల్ పండుగ వెళ్లాక చూద్దాం, అందాకా కిటికీ కాస్త తెరిచి ఉంచు అన్నాడు. తెరిచి ఉంచాను. నేను అటు తిరగగానే మామగారు మూసేశారు. వేడంతా వీధిపాలు చేస్తున్నానని తిట్టారు.

మరుసటి రోజు నేను పనికి వెళ్లలేదు. మధ్యాహ్నం భోజనానికి మామగారు వీధి చివర పెద్దవాళ్లు చేరే హాలుకు వెళ్లగానే తక్‌ని రమ్మన్నాను. తాళం చూసి అతను వెనకాడాడు. ఇల్లు ఎవరిదన్నాడు. ఎవరిదైనా అందులో ఊపిరి పీల్చేది నేనూ నా కూతురూ అన్నాను. అతను తలుపు బందుల మరలు విప్పేశాడు.

లోపలికి వెళ్లి ముందు చెవి ఆనించాడు. తర్వాత గొంతుక్కూర్చుని, బాయిలర్ ముందువైపు ఉన్న చిన్న గాజుకంట్లోంచి చూశాడు. నన్ను పిలిచి చూడమన్నాడు. మా క్యాంటీన్ పొయ్యిల్లో మంట నీలంగా, బిగువుగా, వరసగా నిలబడుతుంది. ఇక్కడ పసుపు మంట ఊగుతూ, బద్ధకంగా పైకి నాకుతోంది. గాజు అంచున మసి. పొగగొట్టం అతుకు దగ్గర టేపు ఊడి వేలాడుతోంది, దాని కింద గోడమీద నల్లగా చార పడింది. తక్ తన సంచిలోంచి చేతి మీటర్ తీసి నారే గదిలోకి వెళ్లాడు. పిల్ల మంచం దగ్గరికి చేరకముందే అది కీచుమని అరవడం మొదలుపెట్టింది. పిల్లకు కోటు తొడిగి నేను పెరట్లోకి పంపేశాను.

ఎవరు చెప్పారో, మామగారు అన్నం మధ్యలో లేచి వచ్చేశారు.

తక్ బయటికొచ్చి నడుము వంచి దండం పెట్టాడు. "మేస్త్రీగారూ, నేను. తక్‌ని."

ఆయన నాలుగడుగుల దూరంలో నిలబడి అతని మొహంలోకి చూస్తూనే ఉన్నారు. గొంతు విన్నాక గాని గుర్తుపట్టలేదనిపించింది. పని చేతకాక నేను గెంటేసినవాణ్ని ఈవిడగారు ఏరి కోరి పట్టుకొచ్చిందా అన్నారు. నా ఇంటి తలుపు ఊడదీయడానికి నీకెంత ధైర్యం అన్నారు. తక్ తల వంచుకుని అన్నీ విన్నాడు. అయిపోయాక మెల్లిగా అన్నాడు.

"నా మాట నమ్మొద్దు మేస్త్రీగారూ. ముందు చెవి, తర్వాత కన్ను అని మీరే నేర్పారు. మీరే చూసి మంట ఏ రంగో చెప్పండి. నీలం అంటే ఈ తలుపు బిగించి వెళ్లిపోతాను."

మామగారు లోపలికి వెళ్లారు. మోకాళ్లు పట్టుకుని కూర్చున్నారు. ముక్కు గాజుకు తగిలేంత దగ్గరగా పెట్టి చూశారు. కాస్త వెనక్కి జరిగి చూశారు. మళ్లీ దగ్గరికి జరిగారు. ఆయన చూసినంతసేపు మేమిద్దరం ఆయన వీపును చూస్తూ నిలబడ్డాం.

"నీలం," అన్నారు.

తక్ తల దించుకున్నాడు. నావైపు కూడా చూడలేదు. అతనికి అర్థమైంది, నాకూ అర్థమైంది. ఏడాదిగా పొద్దున్నే వచ్చే పత్రిక మడత విప్పకుండానే ఎందుకు పక్కకు పెడుతున్నారో అప్పుడు తెలిసింది.

నేను ఊరుకుని ఉండవచ్చు. తక్ ఏదో ఒక మాట చెప్పి, ఆయన పరువు పోకుండా పని కానిచ్చేవాడేమో. కానీ పదకొండేళ్ల నుంచి తిన్న తిట్లన్నీ ఒక్కసారి నోటిదాకా వచ్చాయి.

"పసుపు," అన్నాను. "గుడ్డు సొనలా ఉంది మామయ్యా. పసిపిల్ల కూడా చెబుతుంది. మీకు కళ్లు కనపడటం లేదు. కనపడనివాళ్లు మా ప్రాణాలతో మేస్త్రీతనం చేయకూడదు."

ఆయన లేచి నిలబడ్డారు. అలమారు మీదున్న పైపు పానా చేతిలోకి తీసుకున్నారు. తక్ గ్యాస్ వాల్వ్ మీద చెయ్యి వేస్తే, ఆ చేతిమీద పానా ఆనించారు. కొట్టలేదు, ఊరికే బరువుగా ఆనించారు.

"నా ఇంట్లో మంట ఆర్పేది నేను. నువ్వు కాదు," అన్నారు తక్‌తో. తర్వాత నాకేసి తిరిగారు. "నువ్వూ పో. పిల్లని తీసుకుని బయటికి పో."

గేటు దగ్గర తక్ నాకొక్కటే చెప్పాడు, పిల్ల ఇంకొక్క పూట కూడా ఆ ఇంట్లో ఉండకూడదని. గ్యాస్ ఆఫీసుకు తానే ఫిర్యాదు చేస్తానన్నాడు. గంటలో సంచులు సర్దుకున్నాను. వెళ్లేముందు ఇంట్లో కిటికీలన్నీ బార్లా తెరిచాను. వీధి మలుపు తిరుగుతుంటే అవి ఒక్కొక్కటే మూసుకుంటున్న చప్పుడు వినిపించింది.

నాతోపాటు క్యాంటీన్‌లో పనిచేసే ఒక్‌సిమ్ అక్క ఇంట్లో తలదాచుకున్నాం. రెండో రోజుకే నారే మెలకువగా, ఆకలిగా తిరగసాగింది. మూడో రోజు అక్క కొడుకుల బట్టలు వేసుకుని మంచులో దొర్లింది. దాన్ని అలా చూస్తుంటే నాకు మామగారి మీద కోపం తగ్గలేదు, పెరిగింది.

ఆదివారం తేగ్యు వచ్చాడు. నేను పెద్దాయన కళ్ల గురించి పరాయివాడి ముందు అన్న మాట ఊళ్లో తిరుగుతోందట. నాన్న తననూ లోపలికి రానివ్వలేదట, గేటు అవతలినుంచే పొమ్మన్నారట.

"ఇప్పుడు నీ కడుపు చల్లబడిందా?" అన్నాడు.

"నీ కూతురు మీటర్ అరిచిన గదిలో పడుకుంది," అన్నాను. "నువ్వు లారీలో పడుకున్నావు."

అతను బూట్లు వేసుకుని వెళ్లిపోయాడు.

గ్యాస్ ఆఫీసు మనిషి రెండుసార్లు వెళ్లాడట. తలుపు తీయకపోతే గేటుకు నోటీసు అంటించి వచ్చాడట. నేను మాత్రం రోజూ పని అయ్యాక అన్నం, సోయా పులుసు, రెండు కూరలు డబ్బాలో పెట్టి ఆ గేటుకు తగిలించి వచ్చేదాన్ని. ప్రేమతో కాదు. రేపు ఆయనకేమైనా అయితే నన్నే అంటారు. మర్నాడు ఖాళీ డబ్బా అక్కడే వేలాడుతుండేది. అంటే బతికే ఉన్నారన్నమాట. అంతకుమించి నేను తెలుసుకోవాలనుకోలేదు. ఆ వారం జెచొన్‌లో చలి సున్నాకు పద్దెనిమిది డిగ్రీలు కిందికి పోయింది.

పదకొండో రోజు డబ్బా నిండుగానే ఉంది. పులుసు గడ్డకట్టి మూత పైకి లేచింది.

గేటు దూకాను. ముక్కుకు శాలువా అడ్డం పెట్టుకుని, ఊపిరి బిగబట్టి తలుపు తోశాను. ఇంట్లోంచి వేడి రాలేదు. బయటికన్నా లోపలే చలిగా ఉంది. వంటింట్లో గిన్నెలో నీళ్లు రాయిలా ఉన్నాయి. మామగారు తన గదిలో కోటు, టోపీ, చేతి తొడుగులతో కరెంటు పరుపు మీద ముడుచుకుని ఉన్నారు. ఒళ్లు కాలిపోతోంది. ఊపిరి తీస్తుంటే లోపల ఏదో గరగరలాడుతోంది. నన్ను చూసి లేవబోయి, లేవలేక గోడవైపు తిరిగారు.

అంబులెన్సుకు ఫోన్ చేసి, ఆయన పక్కన కూర్చున్నాను. బాయిలర్ ఎప్పుడు ఆగిపోయిందని అడిగాను.

"ఆగలేదు. ఆపాను."

"ఎప్పుడు?"

"నువ్వు వీధి మలుపు తిరిగాక."

మరి ఎవరినైనా పిలిచి బాగుచేయించుకోవచ్చు కదా అన్నాను.

"ఎవర్ని? వాణ్నా?" అన్నారు. దగ్గు ఆగాక మళ్లీ అన్నారు. "పులుసులో ఉప్పు ఎక్కువ. రోజూ ఎక్కువే."

న్యుమోనియా అన్నారు ఆసుపత్రిలో. తొమ్మిది రోజులు ఉంచారు. నాన్నను చలికి వదిలేశానని తేగ్యు వరండాలో అందరూ వింటుండగా నామీద అరిచాడు. నేను కూడా అరిచాను. నర్సు వచ్చి ఇద్దరినీ బయటికి పంపింది.

ఆ తొమ్మిది రోజుల్లో తక్ మా ఇంటి పని పూర్తిచేశాడు. ఇంత చలికి నేల కింద పైపులన్నీ పగిలి ఉంటాయని, నేలంతా తవ్వాల్సి వస్తుందని ముందే హెచ్చరించాడు. తీరా చూస్తే ఒక్క పైపు కూడా పగల్లేదు. మామగారు మంట ఆర్పాక నేల కింది నీళ్లన్నీ బయటికి వదిలేసి, ప్రతి వాల్వూ ఏ వరసలో మూయాలో ఆ వరసలో మూశారు.

"ఇంత శుభ్రంగా నేను కూడా చేయలేను," అన్నాడు తక్. "చూపు లేకుండా, చేత్తో తడుముకుంటూ చేసి ఉంటారు."

లోపల నీళ్లు కాగే రాగి గూడు పగిలి, మసితో పూడుకుపోయిందట. అందుకే మంట ఊపిరాడక పసుపుపచ్చగా మారిందట. దానికి టేపు చుట్టి లాభం లేదు, గాలి తీసి లాభం లేదు, మొత్తం మార్చవలసిందేనన్నాడు. కొత్త బాయిలర్ బిగించి, కొత్త పొగగొట్టం వేసి, నారే గదిలో మీటర్ పెట్టి రెండు గంటలు కూర్చున్నాడు. అది అరవలేదు. పాతదాన్ని, మసిపట్టిన పైపునూ పాత ఇనుము బండివాడు వచ్చేదాకా పెరటి గోడకు ఆనించి వెళ్లాడు.

ఎవరు బాగుచేశారో ఆసుపత్రిలో మామగారితో చెప్పాను. ఆయన కళ్లు మూసుకున్నారు. ఇంటికి తిరిగొచ్చాక కూడా ఆ గదిలో అడుగుపెట్టలేదు. తాళంచెవి మాత్రం నడుముకే ఉంది. మా మధ్య మాటలు ముందుకన్నా తగ్గాయి. నేను వడ్డించేదాన్ని, ఆయన తినేవారు. ఉప్పు గురించి కూడా ఏమీ అనలేదు. అది నాకు తిట్టుకన్నా బరువుగా ఉండేది.

ఆసుపత్రి డాక్టరే కళ్ల సంగతి బయటపెట్టాడు. రెండు కళ్లకూ శుక్లాలు ముదిరాయి, కుడి కన్ను ముందు చేద్దామన్నాడు. తేగ్యు మూడు వారాలు బతిమాలితే ఒప్పుకున్నారు. మార్చి మొదట్లో ఆపరేషను చేశారు. కట్టు విప్పిన రోజు నేనే వెంట వెళ్లాను. బస్సులో ఆయన ముందు సీట్లో, నేను రెండు సీట్ల వెనక. దారంతా ఆయన కిటికీలోంచి బయటికి చూస్తూనే ఉన్నారు.

ఇంటికొచ్చాక భోజనానికి పిలిస్తే పలకలేదు. వెతుకుతూ పెరట్లోకి వెళ్లాను. ఇనుము బండివాడు ఇంకా రాలేదు. మామగారు ఆ పాత బాయిలర్ ముందు గొంతుక్కూర్చుని ఉన్నారు. పొగగొట్టం ముక్కను ఒళ్లో పెట్టుకుని, లోపలి మసిని వేలితో తీసి ఎండలో చూస్తున్నారు. టేపు చుట్టిన చోటికి వచ్చి ఆగారు. నాలుగు చుట్లలో మూడు అసలు అతుకుమీదే పడలేదు, జానెడు పక్కన చుట్టుకున్నాయి. ఆయన బొటనవేలు టేపు అంచునుంచి అతుకుదాకా, మళ్లీ వెనక్కీ పోయింది.

నా అడుగుల చప్పుడు విన్నారు, కాని వెనక్కి తిరగలేదు.

"పిల్ల తల ఏ వైపు పెట్టుకునేది?" అని అడిగారు.

"బాయిలర్ గోడ వైపే."

అక్కడితో ఆగి, అన్నం చల్లారిపోతోందని చెప్పి లోపలికి వచ్చేయవచ్చు. నేను ఆగలేదు.

"ఆ గది ముందు మీదే," అన్నాను. "ఇంట్లో అన్నిటికన్నా వెచ్చనిదని, పిల్లని అక్కడ పడుకోబెట్టమని మీరే మీ పరుపు తీసేసుకున్నారు."

ఆయన పైపును ఒళ్లోంచి తీసి నేలమీద పెట్టారు.

"అవును," అన్నారు. "నేనే."